శిరస్సు సజీవుడై ఉండగా వారసుడు ఎందుకు?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది దేవరకొండ దగ్గర ఒక మండల కేంద్రం. మా సంఘం ఏ మిషన్‌కూ చెందని స్వతంత్ర సంఘం. మా పాస్టర్ గారు 26 ఏళ్ళ క్రితం ఒక పూరిపాకలో మొదలుపెట్టారు. ఇప్పుడు 110 కుటుంబాలం ఉన్నాం. నేను సంఘ పెద్దల్లో ఒకణ్ణి. పోయిన ఏడాది పాస్టర్ గారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి లేవదు. పది నిమిషాలు నిలబడి వాక్యం చెప్పలేకపోతున్నారు. వచ్చే వార్షికోత్సవంలో పెద్ద కొడుకుకు హస్తనిక్షేపణ చేసి, అంటే తల మీద చేతులుంచి సేవకు నియమించి, సంఘాన్ని అప్పగిస్తానని ఆరాధనలోనే ప్రకటించారు. అబ్బాయి చెడ్డవాడేం కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటాడు, కీబోర్డు బాగా వాయిస్తాడు, క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ వస్తాడు. కానీ ఇక్కడ ఎవరి ఇల్లు ఎక్కడో అతనికి తెలియదు. ఆటో నడుపుకునే మా సహోదరుడు ఒకాయన పన్నెండేళ్ళుగా తండాల్లో కూడికలు పెడుతున్నాడు, రాత్రిపూట రోగులను ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. ఆయన పేరు ఎవరూ తలవలేదు.

మేం ముగ్గురు పెద్దలం వెళ్ళి, "కొన్నాళ్ళు ఆగుదాం అయ్యగారూ, సంఘాన్ని అడుగుదాం" అన్నాం. "క్రీస్తు ఈ సంఘం మీద అధికారం నాకిచ్చాడు. నేను ఎవరికిస్తే వాళ్ళే కాపరి. క్రీస్తుకే లెక్క చెబుతా, మీకు కాదు" అన్నారు. అభిషిక్తులను ముట్టకూడదన్న వాక్యం మా చేతనే చదివించారు. మందిరం ఉన్న నాలుగు గుంటల జాగా అందరం చందాలేసుకొని కొన్నాం, కాగితం మాత్రం ఆయన పేరు మీద ఉంది. కుర్రాళ్ళు మందిరానికి తాళం వేస్తామంటున్నారు. మా అమ్మ "దైవజనుడి మాట తగుల్తది, ఊకో బిడ్డా" అంటోంది. నాకు బాప్తిస్మం ఇచ్చింది, పెళ్ళి చేసింది ఆయనే. క్రీస్తే సంఘానికి శిరస్సు అయితే పాస్టర్ గారి అధికారం ఎంతవరకు? నేను ఎదురు మాట్లాడితే తిరుగుబాటు అవుతుందా?
– ఒక సంఘ పెద్ద, నల్లగొండ జిల్లా

సమాధానం: తమ్ముడూ, వందనాలు. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీరు చేసింది తిరుగుబాటు కాదు. "ఆగుదాం, సంఘాన్ని అడుగుదాం" అనడం పెద్దగా మీ మీద ఉన్న పని. మీ ముగ్గురూ మాట్లాడకుండా ఊరుకుని ఉంటే, జబ్బుతో ఉన్న మనిషిని ఒక పెద్ద నిర్ణయంలో ఒంటరిగా వదిలేసినవాళ్ళయ్యేవారు.

ఇక అసలు సంగతికి వద్దాం. "సంఘము అను శరీరమునకు ఆయనే శిరస్సు" (కొలస్సయులకు 1:18) అన్న వాక్యం మన మందిరాల్లో గోడల మీద రాసుకుంటాం. దాని మీద పాటలు పాడుకుంటాం. సంఘంలో ఒక నిర్ణయం చేయాల్సిన రోజున మాత్రం ఆ వాక్యానికి పని ఏమిటో మనకు తోచదు. మీ పాస్టర్ గారు దానికి ఒక పని చెప్పారు: క్రీస్తుకు అధికారం ఉంది, ఆ అధికారం నాకిచ్చాడు, నేను నా కొడుక్కిస్తాను. వినడానికి సాఫీగానే ఉంటుంది. కానీ ఈ మూడు మాటల్లో మొదటిది నిజమైతే మిగతా రెండూ నిలబడవు.

ఎందుకో చెబుతాను. మన దగ్గర భూమి విరాసత్, అంటే వారసుల పేరు మీదికి మార్పు, ఎప్పుడవుతుంది? పట్టాదారు చనిపోయాక. మనిషి బతికుండగా కొడుకులు విరాసత్ చేయమని తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే దరఖాస్తు కూడా ఎవరూ తీసుకోరు. సంఘం క్రీస్తుది. ఆయన చనిపోయాడు, నిజమే. మూడో రోజున లేచాడు, మళ్ళీ చావడు. మన విశ్వాసం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. పాత నిబంధన యాజకులకు చావు ఉంది కాబట్టి ఒకరి తర్వాత ఒకరు రావలసి వచ్చింది, ఈయన నిరంతరం ఉన్నవాడు కాబట్టి ఈయన యాజకత్వం మరొకరికి మారదు అని హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం చెబుతుంది. అంటే సంఘపు మొదటి కుర్చీ ఖాళీ కాలేదు, కాబోదు. మీ పాస్టర్ గారు 26 ఏళ్ళూ ఆ కుర్చీలో కూర్చోలేదు. దాని ముందు నిలబడి పనిచేశారు. ఆయన చేతిలో లేని దాన్ని కొడుకు చేతిలో ఎలా పెడతారు?

కొండ మీద శిష్యులతో ప్రభువు "పరలోకమందును భూమిమీదను నాకు సర్వాధికారము ఇయ్యబడియున్నది" అన్నాడు. ఆ వెంటనే వాళ్ళను పనికి పంపాడు. పంపుతూ చివర ఏమన్నాడు? "సదాకాలము మీతో కూడ ఉన్నాను" అన్నాడు. మత్తయి సువార్త అక్కడే ముగుస్తుంది. నా అధికారం మీకు రాసిచ్చి నేను వెళ్ళిపోతున్నానని ఆయన అనలేదు. పేతురుతో మాట్లాడినప్పుడు కూడా అంతే. మూడుసార్లూ "నా" గొఱ్ఱెలు అన్నాడు, ఒక్కసారి కూడా నీవి అనలేదు. ఆ పేతురే ముసలితనంలో తోటి పెద్దలకు రాస్తూ తాను వాళ్ళ తోటి పెద్దనని మాత్రమే చెప్పుకున్నాడు. "మీకు అప్పగింపబడినవారిపైన ప్రభువులైనట్టుండక మందకు మాదిరులుగా ఉండుడి" అన్నాడు. ప్రధాన కాపరి వేరే ఉన్నాడని, ఆయన వచ్చే రోజు ఒకటి ఉందని గుర్తుచేశాడు.

మరి పాస్టర్‌కు అధికారమే లేదా? ఉంది, తమ్ముడూ. దీన్ని తేలిగ్గా తీసేయకండి. వాక్యం బోధించే అధికారం ఉంది. తప్పు చేస్తే గద్దించే అధికారం ఉంది. ప్రభు రాత్రి భోజనపు బల్ల దగ్గర నిలబడే బాధ్యత ఉంది. హెబ్రీయులకు 13:17 నాయకుల మాట విని లోబడమంటుంది, అది తీసేయలేం. కానీ ఆ వచనంలోనే వాళ్ళు "లెక్క ఒప్పచెప్పవలసినవారివలె" మీ ఆత్మలను కాస్తున్నారని ఉంది. లోబడమన్న మాటకూ లెక్క చెప్పాలన్న మాటకూ మధ్య పెద్ద దూరం లేదు, రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. మన ప్రసంగాల్లో మొదటి సగమే ఎక్కువగా వినబడుతుంది.

యోహాను 13వ అధ్యాయం మళ్ళీ ఒకసారి తీసి నెమ్మదిగా చదవండి. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడని యేసుకు తెలుసు అని మూడో వచనంలో ఉంది. అంటే ఆ గదిలో ఆయన అధికారం ఎంతో ఆయనకు స్పష్టంగా తెలుసు. తెలిసి ఏం చేశాడు? భోజనం దగ్గర నుంచి లేచి, పైవస్త్రం తీసి పక్కనపెట్టి, తువాలు నడుముకు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళు పోశాడు. దుమ్ముపట్టిన కాళ్ళు ఒక్కొక్కటే కడిగాడు. తనను అప్పగించబోయే యూదా కాళ్ళు కూడా ఆ వరుసలో ఉన్నాయి. అధికారాన్ని కాసేపు పక్కనపెట్టి వినయం చూపించాడని మనం అనుకుంటాం. వచనం అట్లా చెప్పడం లేదు. సమస్తం తన చేతిలో ఉందని తెలిసి ఆ చేతులతోనే కాళ్ళు కడిగాడంటోంది. క్రీస్తు అధికారం పనిచేసే తీరే అది. ఆ అధికారం పేరు చెప్పి "మీకు లెక్క చెప్పను" అని ఎవరైనా అంటే, ఆ అధికారం ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాల్సిందే.

ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తోచింది చెబుతాను. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో సువార్తను మొదట అందుకున్నవాళ్ళలో చాలామంది మాల, మాదిగ వాడల మనుషులు. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేత పట్టుకున్న తాతల మనవలం. "నీ బాంచన్ దొరా, కాల్మొక్త" అనకుండా పొద్దు గడవని కాలం అది. వెట్టిచాకిరీ మీద ఈ జిల్లాలోనే ఎంత రక్తం పారిందో, 1946 నుంచి 1951 దాకా ఏం జరిగిందో మన ఇళ్ళల్లో ముసలివాళ్ళు చెప్పగా విన్నవాళ్ళం. అన్యజనుల అధికారులు ప్రభుత్వం చేస్తారు, "మీలో ఆలాగుండకూడదు" అని యేసు అన్న మాట (మత్తయి 20:26) అట్లాంటి మనుషుల చెవిన పడితే ఎట్లా ఉండి ఉంటుందో ఊహించండి. దొర లేని చోటు ఒకటి భూమ్మీద ఉందని, అందులో తమకూ పేరు పెట్టి పిలిచే స్థలం ఉందని వాళ్ళు నమ్మారు. అందుకే వచ్చారు.

కానీ అలవాటైన నమూనా అంత తొందరగా పోదు. ఊళ్ళో పెద్దరికం అంటే గడీలో చూసినదే. మిషన్ కాంపౌండుకు పోతే అక్కడ మిషనరీని కూడా జనం దొరగారనే పిలిచారు, ఆయన భార్యను దొరసానమ్మ అన్నారు. ఆ మిషనరీల్లో మంచివాళ్ళు ఎందరో ఉన్నారు. అయినా జీతాల పుస్తకం, స్టోరు తాళాలు వాళ్ళ చేతిలోనే ఉండేవి. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ స్థానంలోకి మనవాళ్ళు వచ్చారు. అధికారం అంటే ఎట్లా ఉంటుందో కళ్ళారా చూసింది ఆ రెండు చోట్లే కావడంతో చాలామంది సేవకులకు తెలియకుండానే ఆ పద్ధతి అబ్బింది. మీ పాస్టర్ గారు మోసగాడని నేను అనుకోవడం లేదు. ఆయన వాడిన మాట క్రీస్తుది, ఆ మాటకు ఆయన ఇచ్చిన అర్థం గడీది. దీన్ని ఆయనకు ప్రేమతో చెప్పగలిగేది మీలాంటివాళ్ళే.

ఇది మన రెండు జిల్లాల జబ్బు మాత్రమే కాదు. మధ్యయుగాల యూరప్‌లో గురువుల కొడుకులు గుడినీ దాని మాన్యాలనూ ఆస్తిలాగా పంచుకోవడం పెద్ద సమస్యగా ఉండేది. 1139లో రెండవ లాటరన్ సభ గురువుల పెళ్ళిళ్ళు చెల్లవని చెప్పడం వెనకున్న కారణాల్లో ఈ భయం కూడా ఒకటి. మనం ప్రొటెస్టెంట్లం, ఆ మందు మనది కాదు. కానీ రోగం అదే. 1934లో జర్మనీలో హిట్లర్ పాలనకు సంఘాలు తలవంచుతున్న రోజుల్లో కొందరు క్రైస్తవులు బార్మెన్ అనే ఊళ్ళో కూడి ఒక ప్రకటన చేశారు. అందులో నాలుగో అంశం సంఘంలోని పదవుల గురించే. సంఘంలో రకరకాల బాధ్యతలు ఉండేది ఒకరి మీద ఒకరు ఏలుబడి చేయడానికి కాదు, సంఘమంతటికీ అప్పగించిన పరిచర్యను జరిపించడానికి అన్నది దాని సారం. నియంత ముందు నిలబడి "మా శిరస్సు క్రీస్తు" అనగలిగినవాళ్ళు, సంఘం లోపల ఇంకో చిన్న నియంతను పెట్టుకోకూడదని కూడా అప్పుడే రాసుకున్నారు. నాకు ఆ ప్రకటనలో బాగా నచ్చే భాగం అది.

ఇప్పుడు అభిషిక్తుల వాక్యం. మీ అమ్మగారి భయం ఇందులోనే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అన్నది 105వ కీర్తన. అక్కడ మాట అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల గురించి. సొంత జాగా లేక దేశాలు పట్టి తిరుగుతున్న చిన్న కుటుంబాన్ని ముట్టవద్దని దేవుడు రాజులను హెచ్చరించాడు. బలహీనుణ్ణి బలవంతుడి నుంచి కాపాడిన వాక్యం అది. దాన్ని తీసుకుని ప్రశ్న అడిగిన విశ్వాసి నోరు మూయించడం తగదు. దావీదు అభిషిక్తుడైన సౌలు రాజును ముట్టనన్నాడు, అంటే చంపనన్నాడు. కానీ గుహలోంచి బయటికి వచ్చి, నన్నెందుకు తరుముతున్నావని సౌలును నిలదీశాడు. ఆ దావీదే రాజయ్యాక తప్పు చేస్తే నాతాను ప్రవక్త ఇంటికి వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. నాతానుకు శాపం తగల్లేదు. దావీదు మారుమనస్సు పొందాడు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ముందు ఎదిరించిన సంగతి గలతీ పత్రికలో ఉంది. పైగా, పరిశుద్ధుని వలన అభిషేకం పొందినవారని యోహాను తన మొదటి పత్రికలో (2:20) విశ్వాసులందరి గురించీ రాశాడు. అంటే మీ అమ్మగారు కూడా అభిషేకం ఉన్న మనిషే. ఆ మాట ఆమెకు మీరే చదివి వినిపించండి. "తగుల్తది" అన్న భయం ఎల్లమ్మ దగ్గరా పోచమ్మ దగ్గరా అలవాటై ఇంటికి వచ్చింది, క్రీస్తు దగ్గర దాన్ని దించేసుకోవచ్చు.

"క్రీస్తుకే లెక్క చెబుతా" అన్న మాటకు పౌలే జవాబు చెప్పాడు. యెరూషలేము బీదల కోసం చందా పోగుచేసి తీసుకెళ్తున్నప్పుడు, తన మీద ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఎన్నుకున్న మనిషిని వెంట పెట్టుకున్నాడు. కారణం ఏం చెప్పాడో చూడండి: "ప్రభువు దృష్టియందు మాత్రమే గాక మనుష్యుల దృష్టియందును" యోగ్యంగా ఉండాలని (2 కొరింథీయులకు 8:21). క్రీస్తును కళ్ళారా చూసిన అపొస్తలుడు మనుషులకు లెక్క చూపించడం నామోషీ అనుకోలేదు. మీ మందిరంలో కానుకల పెట్టె పక్కన ఫోన్‌పే స్టిక్కర్ ఉంటే అది ఎవరి పేరు మీద ఉందో చూడండి. చాలా చోట్ల పాస్టర్ గారి పేరో పాస్టరమ్మ పేరో ఉంటుంది. దొంగతనం చేయాలని కాదు, సంఘానికి ఖాతా లేక. ఆరాధన అయ్యాక ఇద్దరు కూర్చుని కానుకలు లెక్కపెట్టి, తేదీ వేసి, ఇద్దరూ సంతకం పెట్టి ఇంటికి వెళ్ళే పద్ధతి వచ్చే ఆదివారం నుంచే మొదలుపెట్టండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి మీదా నింద వేసినట్టు కాదు.

కొడుకు సంగతి. ఇందులో మీరు న్యాయంగా ఉండాలి. సేవకుడి కొడుకైనంత మాత్రాన సేవకు పనికిరాడని ఎక్కడా లేదు. ప్రభువు సహోదరుడు యాకోబు యెరూషలేము సంఘానికి పెద్దగా ఉన్నాడు. అయితే మోషే కథ చూడండి. ఆయనకు ఇద్దరు కొడుకులున్నారు. తన తర్వాత ఎవరని ఆలోచించాల్సి వచ్చినప్పుడు కొడుకుల పేరెత్తలేదు. జనం కాపరి లేని గొఱ్ఱెల్లా కాకూడదు, నువ్వే ఒకణ్ణి చూపించమని దేవుణ్ణి అడిగాడు. యెహోషువను యాజకుడి ముందు, సమాజమంతటి ముందు నిలబెట్టి చెయ్యి ఉంచాడు. సమూయేలు కథ ఇంకోలా నడిచింది, అది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. "నేనెవని ఎద్దునైన తీసికొంటినా?" అని జనం ముందు నిలబడి అడగగలిగినంత చేతులు శుభ్రంగా ఉన్న మనిషి సమూయేలు. ఆయన తన కొడుకులు యోవేలునూ అబీయానూ న్యాయాధిపతులుగా పెట్టాడు, వాళ్ళు బెయేర్షెబాలో లంచాలు పట్టారు. అది చూసే జనం రాజు కావాలన్నారు. తండ్రి మంచితనం కొడుకులకు రాలేదు. యాజకుడైన ఏలీ ఇంట్లో కొడుకులు చెడిపోవడం చూసి పెరిగిన సమూయేలుకే అట్లా జరిగిందంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

కాబట్టి అడగాల్సింది అతను ఎవరి కొడుకని కాదు. మొదటి తిమోతి 3వ అధ్యాయం ముందు పెట్టుకుని కూర్చోండి. బోధించగలడా, ఇంటిని చక్కగా చూసుకుంటున్నాడా, డబ్బు మీద ఆశ లేదా, బయటివాళ్ళలో మంచి సాక్ష్యం ఉందా. ఇవన్నీ దగ్గర నుంచి చూస్తేనే తెలుస్తాయి. "త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణ చేయకుము" అని పౌలు రాసింది అందుకే. ఆ అబ్బాయికి నిజంగా పిలుపు ఉంటే ఒక ఏడాదో రెండేళ్ళో ఉద్యోగం మానుకుని ఇక్కడికి వచ్చి ఉండనివ్వండి. ఆటో సహోదరుడి వెనక సీట్లో కూర్చుని తండాలకు వెళ్ళనివ్వండి. రోగుల మంచాల దగ్గర కూర్చోనివ్వండి. ఆ తర్వాత సంఘం చూసి చెబుతుంది. ఆ ఆటో సహోదరుడిని కూడా అవే ప్రశ్నలు అడగాలి. పన్నెండేళ్ళ కష్టం చాలా గొప్పది, కానీ దాన్ని పట్టుకుని మీరు ఆయన్ని ఒక వర్గానికి నాయకుణ్ణి చేస్తే ఆయనకే అన్యాయం చేసినవాళ్ళవుతారు.

మీది స్వతంత్ర సంఘం కావడం వల్ల ఒక కష్టం ఉంది. సీఎస్‌ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) పాస్టర్‌కు బదిలీ ఉంటుంది, పాస్టరేట్ కమిటీ ఉంటుంది, పైన బిషప్ ఉంటారు. ఆ బిషప్ కూడా వయసు వస్తే దిగిపోవాల్సిందే. బాప్తిస్టు సంఘాల్లో జనరల్ బాడీ కూర్చుని కాపరిని పిలుచుకుంటుంది. పాలమూరు చుట్టూ ఉన్న మెన్నొనైట్ బ్రదరెన్ సంఘాలకు ఒక కాన్ఫరెన్స్ ఉంది. బ్రదరెన్ కూడికల్లో ఒక్క పాస్టర్ కాకుండా పెద్దలు కలిసి చూసుకుంటారు. ఈ పద్ధతుల్లో దేనికీ గొడవలు లేవని ఎవరూ అనలేరు, కోర్టుల్లో నలుగుతున్న కేసులు మీకూ తెలుసు. అయినా ఒక్క మనిషి అలసిపోతే, తప్పిపోతే, పడిపోతే చెయ్యి అందించేవాళ్ళు అక్కడ ఉన్నారు. మీ పాస్టర్ గారికి ఆ చెయ్యి లేదు. మీ మండలంలో పాస్టర్ల ఫెలోషిప్ ఉంటే అందులో ఇద్దరు వయసు మీరిన, ఆయన గౌరవించే సేవకులను పిలుచుకుని కూర్చోండి. అపొస్తలుల కార్యములు 15లో అంతియొకయవాళ్ళు చేసింది అదే. తమలో తేలని మాటను యెరూషలేము తీసుకెళ్ళారు.

జాగా విషయం ఆలస్యం చేయకండి. కాగితం ఆయన పేరు మీద ఉంటే చట్టం దృష్టిలో అది ఆయన సొంత ఆస్తి. రేపు వీలునామా రాయకుండా ఆయనకేదైనా అయితే క్రైస్తవుడిగా 1925 భారత వారసత్వ చట్టం వర్తించినా, కాగితాల మీద హిందువుగా ఉండి 1956 చట్టం వర్తించినా, భార్యకూ కొడుకులకూ కూతుళ్ళకూ అందరికీ వాటా వస్తుంది. పెద్ద కొడుకు సంఘానికి రాసివ్వాలనుకున్నా తన వాటా మేరకే రాసివ్వగలడు. పెళ్ళై వెళ్ళిన ఆడపిల్ల అత్తింటివాళ్ళు అడిగితే మీ మందిరం గోడ మీద గీత పడుతుంది. అందుకని ఆయన ఉండగానే సంఘాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించండి. 2001 సొసైటీల చట్టం కింద దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. తర్వాత ఆయన చేత సొసైటీ పేరు మీద గిఫ్ట్ డీడ్ రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాలి. నోటి మాటతో, స్టాంపు పేపరు మీద రాసుకున్న ఒప్పందంతో అది జరగదు. ముందు ఒక వకీలుకు కాగితాలు చూపించండి.

ఇక్కడ మీ సంఘం గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించాల్సింది ఒకటి ఉంది. 26 ఏళ్ళలో ఆయనకు నెలకింత అని ఎప్పుడైనా జీతం కట్టారా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. చాలా స్వతంత్ర సంఘాల్లో ఉండదు. కానుకల్లో వచ్చిందే ఇల్లు, పిల్లల ఫీజులు, సిమెంటు, స్పీకర్ల బాక్సులు అన్నీ. వానలు పడని ఏడాది పాస్టర్ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో ఎవరూ అడగరు. అట్లాంటి మనిషికి పక్షవాతం వస్తే మంచం మీద పడుకుని ఏం ఆలోచిస్తాడు? కొత్త పాస్టర్ వస్తే నన్నూ నా భార్యనూ ఈ రెండు గదుల్లోంచి వెళ్ళిపొమ్మంటారా? మందులకు ఎవరిస్తారు? కొడుకును ఆ స్థానంలో పెడితే కనీసం నెత్తి మీద కప్పు ఉంటుంది. నాకు తెలిసి వారసత్వం గొడవల్లో సగానికి పైగా ఈ భయం నుంచే పుడతాయి. ఆయన నోట అధికారం మాట వచ్చింది, లోపల ఉన్నది టెన్షన్. పనివాడు తన జీతానికి పాత్రుడని వాక్యం చెబుతోంది. ఆ వాక్యాన్ని సంఘం పాటించకపోవడం కూడా క్రీస్తు అధికారాన్ని పక్కనపెట్టడమే. శిరస్సు మాట పాస్టర్ ఒక్కడే వినాలని ఎక్కడుంది?

అందుకే మళ్ళీ వెళ్ళినప్పుడు కొడుకు మాట ముందు ఎత్తకండి. మీ ముగ్గురూ వెళ్ళండి, మీ ఇంట్లోవాళ్ళను కూడా తీసుకెళ్ళండి. పాస్టరమ్మ కూడా కూర్చోవాలి. "అయ్యగారూ, మీరూ అమ్మగారూ బతికినంత కాలం ఈ ఇంట్లోనే ఉంటారు. మందుల ఖర్చు సంఘానిది. నెలకు ఇంత అని పెద్దలం కలిసి రాసుకొచ్చాం" అని కాగితం చేతిలో పెట్టండి. ఆయన దాన్ని నమ్మడానికి టైమ్ ఇవ్వండి. ఆ తర్వాతే, రెండో కూర్చోడంలో, హస్తనిక్షేపణ ఒక ఏడాది వాయిదా వేయమని, సంఘం ఉపవాసముండి ప్రార్థన చేసి తేల్చుకునేలా చూడమని అడగండి. ఆయన కోపంగా అన్న మాటలకు మాటలు అనకండి.

కుర్రాళ్ళ దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. తాళం వేయడం కూడా ఈ మందిరం మాది అనడమే. తాళం వేసిన ఆదివారం ఊరంతా చూస్తుంది, పోలీసులు వస్తారు, ఆ వీడియో ప్రతి ఫోన్‌లో తిరుగుతుంది. వాట్సాప్ గ్రూపులో పాస్టర్ గారి గురించి పెట్టిన మెసేజ్‌లు ఇవాళే తీయించండి. పెద్ద మీద దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని, నిజంగా పాపం చేసి ఉంటే అందరి ఎదుట గద్దించాలని పౌలు ఒకదాని వెంట ఒకటి చెప్పాడు. అపవాదు నుంచి పాస్టర్‌కు కాపుదల ఉంది, పాస్టర్ తప్పు నుంచి సంఘానికీ కాపుదల ఉంది. (ఒక మాట వేరుగా చెప్పాలి. ఆడపిల్లల జోలికో పిల్లల జోలికో వెళ్ళిన ఫిర్యాదు అయితే ఈ వరుసలేవీ అక్కర్లేదు, నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోవాలి. మీ దగ్గర అట్లాంటిదేమీ లేదు, అయినా ఇది చదివే వేరే సంఘాలవాళ్ళ కోసం రాస్తున్నాను.)

ఇవన్నీ చేశాక కూడా ఆయన వినకపోవచ్చు. వార్షికోత్సవం రోజున కొడుకు తల మీద ఆ లేవని చెయ్యి ఎవరో పట్టి పెట్టించవచ్చు. అప్పుడు మీరు లేచి కేకలు వేయకండి, చప్పట్లూ కొట్టకండి. తర్వాత పెద్దలుగా మీ అభ్యంతరం రాసి, సంతకాలు పెట్టి, ఆ ఇద్దరు బయటి సేవకుల ముందు ఇవ్వండి. ఆ అబ్బాయి దగ్గరికి కూడా వెళ్ళండి. అతనికి ఇది నిజంగా ఇష్టమా, నాన్న మాట కాదనలేక ఒప్పుకున్నాడా అని ఇప్పటిదాకా అతన్ని ఎవరైనా అడిగారా? ఫోన్ చేసి మాట్లాడటానికి వార్షికోత్సవం దాకా ఆగక్కర్లేదు, ఈ వారమే చేయండి. వేరే సంఘానికి వెళ్ళిపోవడం అన్నది లెక్కలూ జాగా కాగితాలూ అన్నీ అడిగి, సాక్షుల ముందు అడిగి, ఏళ్ళు ఓపికపట్టి, అప్పటికీ కుదరనప్పుడు ఆలోచించాల్సిన సంగతి. అప్పుడు కూడా ఎదురుగా ఇంకో షెడ్డు వేసి బోర్డు పెట్టకండి, పక్కన ఉన్న ఏదైనా మంచి సంఘంలో కలవండి.

పాస్టర్ గారి మందుల ఖర్చు మాత్రం వచ్చే నెల మొదటి ఆదివారం నుంచే సంఘం లెక్కల పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. కొడుకు విషయం ఎటు తేలినా అది ఆపకండి.